మీ ప్రశ్నలు – మా జవాబులు: గాలం కర్ర ఇంట్లోనే కట్టుకుందాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. గాలం కర్రను దుకాణంలో తయారుగా కొనకుండా, విడిభాగాలు తెచ్చి సొంతంగా కట్టుకోవడం ఎలా అని. కొందరు ఇంకా మొదలుపెట్టలేదు, కొందరు సగంలో చిక్కుకున్నారు, కొందరికి కట్టాక బెడిసికొట్టింది. లెక్కలు చెప్పాల్సిన చోట 7 అడుగుల, అంటే 213 సెం.మీ. స్పిన్నింగ్ రాడ్‌ను, అంటే రీలు కింద వేలాడే రకాన్ని, ఉదాహరణగా తీసుకున్నాం.

ప్రశ్న: మొదటిసారి కడుతున్నాను. ఏమేం తెచ్చుకోవాలి? లేతు, దారం చుట్టే యంత్రం, ఆరబెట్టే మోటారు లేకుండా పని జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. రాడ్‌కి కావలసినవి ఇవి: బ్లాంకు, అంటే గైడ్లూ పిడీ ఏమీ లేని ఒట్టి కడ్డీ, రీలును బిగించే గొట్టం లాంటి రీలు సీటు, వెనక పిడి, ముందు పిడి, ముందు పిడి అంచును మూసే చిన్న రింగు, గాలపు తాడు, అంటే లైను, పోయే ఉంగరాలైన గైడ్లు 8, కొసకు తొడిగే చివరి ఉంగరం టిప్ టాప్ ఒకటి, ఎ సైజు నైలాన్ దారం, పిడి అతికించడానికి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు, దారం మీద పూయడానికి ఎపాక్సీ ఫినిష్. ఈ చివరి రెండూ ఒకటి కావు. జిగురు చిక్కగా ఉండి సందులు నింపుతుంది. ఫినిష్ పలచగా పారి దారంలోకి ఇంకుతుంది. ఒకదాని బదులు ఒకటి వాడితే రెండు చోట్లా చెడుతుంది.

యంత్రాల బదులు ఒక అట్టపెట్టె చాలు. దాని ఎదురెదురు అంచుల్లో వి ఆకారపు గాట్లు కోసి రాడ్‌ను వాటిలో ఆనించండి. దారపు ఉండను ఒక కప్పులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగండి. బిగువు చాలకపోతే పైన ఇంకో పుస్తకం పెట్టండి. ముందే చెక్కిన పిడులు తీసుకుంటే లేతుతో పని లేదు. మోటారు ఒక్కటి మాత్రం రెండో రాడ్ నాటికైనా సమకూర్చుకోమంటాం. నిమిషానికి 6 నుంచి 18 చుట్లు తిరిగేది ఏదైనా సరిపోతుంది.

బ్లాంకు ఎంచుకునేటప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. పవర్ అంటే కడ్డీని వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే ఆ వంపు ఎక్కడ వస్తుందన్నది. ఫాస్ట్ అంటే కొస దగ్గరే వంగుతుంది, స్లో అంటే పిడి దాకా వంగుతుంది. మొదటి రాడ్‌కి మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ తీసుకోండి. గ్లాస్ ఫైబర్ బరువెక్కువ, కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చేప ఎరను తాకితే వెంటనే చేతికి తెలుస్తుంది, అయితే చిన్న గాటు పడినా అక్కడే విరుగుతుంది.

ఒక తయారీదారు మీడియం అన్నది ఇంకొకరి దగ్గర మీడియం కాకపోవచ్చు. కాబట్టి మొదలును బల్లకు సమాంతరంగా బిగించి, కొసకు చిన్న సంచి వేలాడదీసి, కొస తన పొడవులో మూడో వంతు, మన రాడ్‌కయితే 71 సెం.మీ., కిందికి దిగేదాకా సంచిలో నాణేలు వేయండి. ఆ సంచిని తూచి రాసి పెట్టుకోండి. రెండు బ్లాంకులను పోల్చడానికి పెట్టె మీది పేరు కన్నా ఆ అంకెను నమ్మవచ్చు.

ప్రశ్న: బ్లాంకుకి స్పైన్ ఉంటుందనీ, గైడ్లు దాని మీదే కట్టాలనీ, లేకపోతే రాడ్ మెలితిరుగుతుందనీ అంటున్నారు. స్పైన్ కనుక్కున్నాను కానీ అటు కడితే కొస పక్కకు వంకరగా కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: వంకరగా కనిపించే దిక్కున కట్టకండి.

కార్బన్ బట్టను ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, బిగించి, వేడిలో గట్టిపరిచి, లోపలి ఉక్కు కడ్డీని లాగేస్తే బ్లాంకు అవుతుంది. చుట్ట మొదలైన చోట, ముగిసిన చోట పొరలు ఒకదానిమీద ఒకటి పడి ఆ వైపు కాస్త గట్టిగా ఉంటుంది. స్పైన్ అంటే అదే. మొదలును నున్నటి నేలమీద ఆనించి, కొసను అరచేతిలో నిలిపి, రెండో అరచేత్తో నడుమును నొక్కుతూ దొర్లిస్తే కడ్డీ ఒక చోట గభాలున తిరిగి కుదురుకుంటుంది. మీరు చేసింది ఇదే అయ్యుంటుంది.

అయితే చేప లాగేటప్పుడు రాడ్‌ను మెలితిప్పేది స్పైన్ కాదు, లైను ఉన్న చోటు. గైడ్లు పైన ఉంటే లైను కడ్డీకి పైన ఉండి లాగుతుంది, ఆ లాగుడుకి గైడ్లు కిందికి దొర్లాలని చూస్తాయి. స్పైన్‌ను ఎటు తిప్పి పెట్టినా ఈ దొర్లుడు ఆగదు. స్పిన్నింగ్ రాడ్‌లో గైడ్లు ముందే కింద ఉన్నాయి కాబట్టి సమస్యే లేదు. గైడ్లు పైన ఉండే బెయిట్ కాస్టింగ్ రాడ్‌కి మెలిక పూర్తిగా పోవాలంటే రీలు దగ్గరి మొదటి గైడును పైన కట్టి, తర్వాతి వాటిని 60, 120 డిగ్రీలు పక్కకు జరుపుతూ, మిగిలినవన్నీ అడుగున ఉండేలా మెలికగా కట్టే పద్ధతి ఉంది.

మా సలహా ఇది: బ్లాంకును కంటికి ఎదురుగా పట్టి, తుపాకి గురి చూసినట్టు చూస్తూ నెమ్మదిగా తిప్పండి. దాదాపు ప్రతి బ్లాంకులోనూ వెంట్రుకవాసి వంపు ఉంటుంది. ఆ వంపు పక్కకు కాకుండా పైకి ఉండేలా నిలిపి, అడుగు వైపు మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టండి. గైడ్ల బరువుకి ఆ వంపు కొంత సర్దుకుంటుంది కూడా. రెండు ముక్కల రాడ్ అయితే ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా చూడాలి. గుర్తు కోసం సూదితో గీయడం, కత్తితో గంటు పెట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: కట్టిన నాలుగు నెలలకే రీలు సీటు వదులై, విసిరినప్పుడల్లా కిర్రుమంటోంది. లోపల మాస్కింగ్ టేపు చుట్టి, 5 నిమిషాల్లో గట్టిపడే జిగురు పెట్టాను. బాగుచేయవచ్చా?

జవాబు: ముందు కారణం చెప్పుకుందాం. సీటు లోపలి రంధ్రం బ్లాంకు కన్నా పెద్దది, ఆ సందును టేపుతో నింపడం మామూలే. మీరు టేపును సీటు పొడవునా ఒకే చుట్టగా చుట్టి ఉంటారు. అప్పుడు జిగురుకు బ్లాంకును అంటుకునే చోటే ఉండదు. కాగితపు టేపే సీటును మోయాల్సి వస్తుంది. నీరు చేరి అది నానుతుంది, నలుగుతుంది, సీటు ఊగుతుంది. త్వరగా గట్టిపడే జిగురుది ఇంకో తప్పు. సీటును తిప్పి గురి చూసుకునేలోపే పట్టు బిగుస్తుంది, పైగా అలాంటివి నీటికి అంతగా నిలవవు.

సరైన పద్ధతిలో టేపు సుమారు 1 సెం.మీ. వెడల్పున మూడు పట్టీలుగా ఉండాలి, పట్టీకి పట్టీకి మధ్య 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. సీటు వాటి మీదుగా కాస్త బిగువుగా జారాలి, బలవంతంగా దిగకూడదు. బ్లాంకు మీద ఆ భాగంలో మెరుపు పోయేదాకా 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. మెరుపు పోతే చాలు, నారలు బయటపడకూడదు. ఖాళీలను ఎపాక్సీతో అంచుదాకా నింపి, సీటును తిప్పుతూ ఎక్కించండి. రెండు చివరల్లోనూ టేపు అంచు కనపడకుండా జిగురు కప్పాలి, నీరు చొరబడేది అక్కడినుంచే. సందు 3 మి.మీ. మించితే టేపు మానేసి గట్టి ఫోము గొట్టం ముక్కలు వాడండి. బయటికి పొంగిన జిగురును తడిగా ఉండగానే స్పిరిట్ గుడ్డతో తుడవాలి, ముఖ్యంగా మరల మీద. తర్వాత రీలును సీటులో బిగించి, అది మీ మైనపు గుర్తుకు సూటిగా ఉందో లేదో చూసి, 24 గంటలు కదపకండి.

పిడి అంతటికీ వర్తించే మాట ఒకటుంది. జిగురు కలపక ముందు అన్నిటినీ పొడిగా ఎక్కించి చూడండి. కార్క్ పిడి రంధ్రం చిన్నదైతే, విరిగిన పాత రాడ్ ముక్క మీద 80 నంబరు గరుకు కాగితం పట్టీని మెలికగా చుట్టి అతికిస్తే మంచి ఆకురాయి తయారవుతుంది. రాడ్ సన్నబడినట్టే అదీ సన్నబడుతుంది కాబట్టి రంధ్రం వాలు సరిగ్గా కుదురుతుంది. పిడి తన చోటికి 2–3 సెం.మీ. ముందు దాకా చేతితోనే వస్తే అరగదీయడం ఆపేయండి. ఈవీఏ ఫోము సాగుతుంది, దాని రంధ్రం బ్లాంకు కన్నా 1 మి.మీ. చిన్నగా ఉన్నా ఫర్వాలేదు. కార్క్ సాగదు, పగులుతుంది. అన్నీ కొస వైపు నుంచే ఎక్కుతాయి: వెనక పిడి, సీటు, ముందు పిడి, రింగు. వెనక పిడి పొడవు మీ ముంజేతిని బట్టి ఉండాలి. రీలు కాడను పట్టుకున్నప్పుడు పిడి చివర మోచేతిని దాటితే అది ప్రతి విసురులోనూ చొక్కాకు తగులుకుంటుంది.

ఇక మీ రాడ్ సంగతి. రీలు పాదం కప్పేసే చోట సీటు గోడకు 2 మి.మీ. రంధ్రాలు రెండు వేసి, సిరంజితో పలచని ఎపాక్సీ ఎక్కించండి. ఒక రంధ్రంలో పోస్తుంటే రెండోదాని నుంచి గాలి పోతుంది, తర్వాత జిగురు కనిపిస్తుంది. డ్రిల్లు ముల్లుకు గోడ మందం దగ్గర టేపు చుట్టి హద్దు పెట్టుకోండి, మొన బ్లాంకును తాకిందంటే రాడ్ పోయినట్టే. ముందుగా కర్రను రెండు రోజులు పొడిచోట ఉంచండి, తడి టేపు మీద ఏ జిగురూ పట్టదు.

ప్రశ్న: గైడ్లు ఎన్ని, ఎంతెంత దూరంలో కట్టాలి? ఒక్కో పట్టికలో ఒక్కో రకంగా ఉంది.

జవాబు: ఏ పట్టికైనా మొదలుపెట్టడానికే. ఒకే పొడవున్న రెండు బ్లాంకులు ఒకేలా వంగవు, గైడ్లు నిలవాల్సింది వంపును బట్టి.

అడుగుకొకటి, మీద ఇంకొకటి అన్నది పాత లెక్క. 7 అడుగులకు 8 గైడ్లు, టిప్ టాప్ దీనికి అదనం. కొస నుంచి కొలిచి 10, 21, 33, 47, 63, 81, 102, 126 సెం.మీ. దగ్గర టేపుతో అంటించండి. ఎడాలు 10 నుంచి 24 దాకా క్రమంగా పెరుగుతున్నాయి చూడండి. ఎక్కడైనా హఠాత్తుగా పెరిగితే అక్కడ తప్పుంది. పిడికి దగ్గరున్న గైడు, రీలులో లైను చుట్టి ఉండే స్పూలు ముందంచుకు 50–55 సెం.మీ. దూరంలో పడాలి. 2500 సైజు రీలుకు ఆ గైడు 25 నంబరు, తర్వాత 16, 10, ఆపైన కొస దాకా 6 నంబరువి సరిపోతాయి. ఈ అంకెలు ఉంగరం బయటి వ్యాసాన్ని మి.మీ.లలో చెప్పేవి. స్పూలు నుంచి విడివడే లైను పెద్ద చుట్లుగా ఊగుతూ వస్తుంది, మొదటి మూడు గైడ్లు ఆ ఊపును గరాటులా కుదించాలి. మొదటిదే చిన్నగా ఉంటే లైను ఉంగరానికి కొట్టుకుని దూరం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పిడిని నేలకు 45 డిగ్రీల వాలులో గట్టిగా బిగించి, రీలులోని లైనును అన్ని గైడ్లలోంచి పోనిచ్చి, చివర బరువు కట్టి, కొస పిడికి దాదాపు లంబంగా తిరిగేదాకా వంచండి. పక్కకు నిలబడి చూడండి. లైను కడ్డీ వంపును అనుసరిస్తూ పోవాలి. రెండు గైడ్ల మధ్య లైను కడ్డీ వంపును వదిలి గీత గీసినట్టు దూరంగా పోతుంటే ఆ ఎడం ఎక్కువ. ఏదో ఒక గైడు దగ్గర మాత్రమే మూలలా విరిగి తిరుగుతుంటే ఆ బరువంతా అక్కడే పడుతోందని అర్థం, పక్క గైడును అటు జరపండి. సాధారణంగా 1–2 సెం.మీ. జరుపుళ్లతోనే కుదురుతుంది. గైడ్లు పైనుండే కాస్టింగ్ రాడ్‌లో లైను ఎక్కడా కడ్డీని రాయకూడదు.

అది కుదిరాక, టేపుతో ఉన్నట్టే ఖాళీ మైదానంలో కొక్కెం లేని బరువు కట్టి పాతిక సార్లు విసరండి. ఒక గైడు తీసేసి, మిగతావి సర్ది మళ్లీ విసరండి. కొస దగ్గర ఒక్క గైడు తగ్గినా రాడ్ చురుకుదనం పెరగడం చేతికి తెలుస్తుంది. ఆ సగం పూటను ఎవరూ ఆదా చేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. టేపు ఉన్నంతవరకు ప్రతి తప్పూ అర నిమిషంలో సరిదిద్దగలిగేదే. ఫినిష్ పడ్డాక అదే తప్పుకు బ్లేడు, వేడి, కొత్త దారం, మరో రెండు రోజులు కావాలి.

ప్రశ్న: దారం గైడు పాదం మీదికి ఎక్కే చోట సందు మిగులుతోంది. పైగా ఎర్ర దారం ఫినిష్ పూయగానే ముదురు గోధుమరంగులోకి మారింది.

జవాబు: సందుకు కారణం దారం కాదు, పాదం మొన. పాదం అంటే గైడులో బ్లాంకుకు ఆనే కాలు. కొత్త గైడు పాదం చివర మెట్టులా మొద్దుగా ఉంటుంది, దారం ఆ మెట్టు ఎక్కలేక జారుతుంది. సన్నటి ఆకురాయితో పై వైపు నుంచి వాలుగా, చివర కత్తి అంచులా పలచబడేదాకా రాయండి. తర్వాత అడుగు వైపు గరుకును 400 నంబరు కాగితంతో నున్నగా చేయండి. లేకపోతే రాడ్ వంగినప్పుడల్లా ఆ అంచు బ్లాంకును గీస్తుంది. పాదాన్ని బల్లమీద పెట్టి చూస్తే చదునుగా ఆనాలి, ఊగకూడదు.

పాదం చివరకు 5 మి.మీ. ముందు నుంచి మొదలుపెట్టి గైడు వైపు చుట్టండి. మొదటి 5–6 చుట్లు దారపు కొస మీదుగానే పోవాలి, అప్పుడే అది బిగుస్తుంది. మిగిలిన కొసను కత్తిరించండి. ఇంకా 7–8 చుట్లు ఉందనగా వేరే దారపు ముక్కను ఉచ్చుగా మడిచి, దాని మీదుగా చుట్టుతూ పోండి. చివరన దారం కోసి, కొసను ఉచ్చులో దూర్చి, ఉచ్చును లాగితే కొస చుట్ల కిందికి వెళ్లిపోతుంది. కొత్త బ్లేడుతో తెంపండి. చుట్ల మధ్య సందులను పెన్ను మూత లాంటి నున్నటి ప్లాస్టిక్‌తో ఒత్తి కలపవచ్చు. నూగులాంటి పోగులు లేస్తే స్పిరిట్ దీపం మంటను ఒక్క క్షణం తాకీ తాకనట్టు పోనివ్వండి.

బిగువు ఎంత ఉండాలంటే, చుట్టడం పూర్తయ్యాక బొటనవేలితో గట్టిగా నెడితే గైడు కొద్దిగా కదలాలి. ఆ కదలిక లేకపోతే గైడ్లను ఒకే వరసలోకి తేలేరు. అతి బిగువు బలం కాదు, పాదం అంచు పలచని బ్లాంకు గోడను నొక్కి అక్కడే విరిగేలా చేస్తుంది.

రంగు సంగతికొస్తే, మామూలు నైలాన్ ఎపాక్సీని పీల్చి పారదర్శకం అవుతుంది, కింది నల్ల కడ్డీ రంగు పైకి కనిపిస్తుంది. రంగు నిలవాలంటే రంగు మారని రకమని రాసి ఉన్న దారం తీసుకోండి, లేదా మామూలు దారానికి కలర్ ప్రిజర్వర్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. అరకొరగా పూస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది. అయితే దారం ఎపాక్సీని పీల్చుకుంటేనే పట్టు గట్టిగా ఉంటుంది. బరువైన చేపలకు కట్టే రాడ్‌కయితే ముదురు రంగు మామూలు దారమే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: ఫినిష్ వారమైనా జిగటగా ఉంది. ఇంకో రాడ్ మీద బుడగలు, చిన్న చిన్న గుంటలు. కొన్ని గైడ్ల మీద నడుమున ఉబ్బి గుమ్మడికాయలా ఉంది.

జవాబు: నాలుగు లోపాలు, నాలుగు కారణాలు.

జిగట అంటే ఫినిష్‌గా కలిపే రెండు ద్రవాల, రెసిన్, హార్డెనర్‌ల, పాళ్లు తప్పాయి, లేదా గిన్నె అంచుల్లో కలవకుండా ఉండిపోయింది పూత మీదికి వచ్చింది. చాలా ఫినిష్‌లు ఘనపరిమాణంలో సరిసమానంగా కలపాల్సినవి. సీసా మూత లెక్కనో చుక్కల లెక్కనో కలపవద్దు, రెండు సిరంజీలు వాడండి. సిరంజీల మీద పేర్లు రాసి, ఒకదాన్ని ఇంకో సీసాలో ముంచకండి. 8 గైడ్లకు ఒక పూత వేయడానికి చెరి 3 మి.లీ. చాలు, అంతకన్నా తక్కువ కలిపితే చిన్న పొరపాటు కూడా పెద్ద తేడా అవుతుంది. 3 నిమిషాలు నెమ్మదిగా, అడుగూ అంచులూ గీకుతూ కలపండి. జిగట పూతను పీకేయనక్కర్లేదు. సరిగ్గా కలిపిన పలచని పూత దాని మీద వేస్తే చాలాసార్లు కిందిదీ గట్టిపడుతుంది.

బుడగలు వచ్చేది వేగంగా గిలకొట్టడం వల్ల. కలిపిన వెంటనే అల్యూమినియం రేకు మీద పోసి పలచగా పరవండి, బుడగలు చాలావరకు పైకి వచ్చి పగులుతాయి. పైగా గిన్నెలో ముద్దగా ఉంటే వేడెక్కి త్వరగా గట్టిపడుతుంది, రేకు మీద ఎక్కువసేపు పనికొస్తుంది. పూశాక మిగిలిన బుడగలకు స్పిరిట్ దీపం మంట కింద నుంచి ఒక్కసారి చూపండి. చలిరోజుల్లో సీసాలను గోరువెచ్చని నీటిలో 5 నిమిషాలు ఉంచితే ద్రవం పలచబడుతుంది.

గుంటలు జిడ్డువల్ల. వేళ్ల చమురు ఒక కారణం. చాలామంది పట్టించుకోనిది సిరంజి లోపలి రబ్బరు బిరడాకు రాసే సిలికాన్. రబ్బరు లేని, మొత్తం ప్లాస్టిక్ సిరంజీలు వాడి, దారం మీద చేతులు పెట్టకుండా ఉంటే ఇవి మాయమవుతాయి.

ఉబ్బు అంటే ఒకేసారి ఎక్కువ పూశారు. మొదటి పూత దారాన్ని తడపడానికే. పాదం పక్కన ఉండే సన్నని సొరంగంలోకి కుంచెతో నింపి, 10 నిమిషాలు ఆగి, కింద వేలాడే బొట్టును కుంచెతో తీసేయండి. మోటారు లేకపోతే మొదటి గంట రెండు నిమిషాలకోసారి అర చుట్టు, తర్వాత మూడు గంటలు పది నిమిషాలకోసారి తిప్పాలి. 24 గంటల తర్వాత రెండో పూత. రెండు మూడు రోజులు దాటిపోతే మెరుపును గరుకు కాగితంతో కాస్త చంపి, స్పిరిట్‌తో తుడిచి పూయండి. గది 21–27 డిగ్రీల మధ్య, తేమ తక్కువగా ఉండాలి. వాన రోజున పూస్తే పైన తెల్లటి మసక పొర వస్తుంది. చివరి పూత పడ్డాక వారం ఆగి నీటి దగ్గరికి వెళ్లండి.

చేతికి నైట్రైల్ తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు. ఒకసారి చర్మానికి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిపాటి తగులుడుకే దద్దుర్లు వస్తాయి.

ప్రశ్న: టిప్ టాప్‌ను కూడా ఎపాక్సీతోనే అతికించవచ్చా?

జవాబు: వద్దు. రాడ్‌లో ముందుగా అరిగేది, విరిగేది అదే, ఎప్పటికైనా మార్చాలి. కడ్డీ రూపంలో దొరికే, వేడికి కరిగే జిగురు వాడండి. మంటను జిగురుకు, లోహపు గొట్టానికి చూపండి, బ్లాంకుకు చూపకండి. సైజుల్లో 5 అంటే అంగుళంలో 64 భాగాలకు 5, సుమారు 2 మి.మీ. కొన్ని కంపెనీలు నేరుగా మి.మీ.లలో రాస్తాయి, కొనేముందు ఏ లెక్కో చూసుకోండి.

ప్రశ్న: బ్లాంకు పొడవు ఎక్కువైంది. 15 సెం.మీ. తగ్గించాలంటే ఏ చివర కోయాలి?

జవాబు: మొదలు వైపు. కొస కోస్తే మెత్తగా వంగే భాగమే పోతుంది, తేలిక ఎరలు విసరలేని మొండి కర్ర మిగులుతుంది. కోసే చోట టేపు బిగించి చుట్టి, సన్నటి పళ్ల హాక్సాతో తిప్పుతూ చుట్టూ కోయండి. కట్టరుతో నొక్కితే గోడ నిలువునా చీలుతుంది. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు వేసుకుని, తడిగుడ్డతో తుడిచేయండి. కోత తర్వాత నాణేల సంచి పరీక్ష, గైడ్ల వంపు పరీక్ష మళ్లీ చేయాలి, పాత కొలతలు పనికిరావు.

ప్రశ్న: కార్బన్ రాడ్‌కి కరెంటు తగులుతుందంటారు. పైన ఎపాక్సీ పూత ఉంటుంది కదా, అయినా ప్రమాదమేనా?

జవాబు: ప్రమాదమే. కార్బన్ విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, మీరు పూసిన ఫినిష్ గైడ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ పలచని పూత హైవోల్టేజీని ఆపలేదు కూడా. తీగల కింద విసరకండి. ఒడ్డున నడిచేటప్పుడు రాడ్‌ను నిలువుగా ఎత్తి పట్టుకోకుండా అడ్డంగా, కింది ఎత్తులో పట్టుకోండి. ఉరుము వినిపిస్తే కర్రను నేలమీద పెట్టి దూరంగా వెళ్లిపోండి.